నడుముకున్న రివాల్వర్‌ను పట్టుకోవడం, తీయడం ఎలా?

ఇరవై ఏళ్లకు పైగా గన్‌మెన్లకు ఆయుధం నేర్పిన పని నాది. రిటైరై కడపలో ఇంటి పట్టున ఉంటున్నా, లైసెన్సుదారులు వెతుక్కుంటూ వచ్చి ‘అన్నా, ఒకసారి చూపించు’ అంటుంటారు. నేను చూపించను. ఖాళీ రివాల్వర్ నడుముకు పెట్టుకుని ముందు వాళ్లనే తీయమంటాను. దాదాపు అందరూ ఒకే తప్పు చేస్తారు. తుపాకీ హోల్‌స్టర్‌లోంచి, అంటే నడుముకు కట్టుకునే ఒరలోంచి, బయటికి వచ్చాక, గాల్లో, వేళ్లు సర్దుకుంటారు. టీ గ్లాసు కాలుతుంటే చేతిలో అటూ ఇటూ తిప్పుకుంటామే, అట్లా. ఆ సర్దుకోవడంలోనే చూపుడు వేలు ట్రిగ్గర్ మీదికి పోతుంది.

పట్టు హోల్‌స్టర్‌లో ఉండగానే పూర్తికావాలి. ఏ పట్టుతో బయటికి తీశారో ఆ పట్టుతోనే కాల్చాలి. నేను చెప్పేదంతా ఈ ఒక్క ముక్క కోసమే.

సామాన్ల సంగతి త్వరగా ముగిద్దాం. మన దగ్గర ఎక్కువమంది చేతిలో కనిపించేది కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం .32 రివాల్వర్. ఆరు రౌండ్లు, అంటే తూటాలు, పడతాయి, మధ్యకు విరిచి లోడ్ చేస్తారు. 2014లో వచ్చిన నిర్భీక్ రివాల్వర్ ఇంకా తేలిక, అర కిలో మాత్రమే. తేలికని మురిసిపోకండి, బరువు తగ్గినకొద్దీ చేతిలో ఎగిరిపడేది ఎక్కువ. హోల్‌స్టర్ గట్టి తోలుది, ట్రిగ్గర్ గార్డును, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీని, పూర్తిగా మూసేది కావాలి. మెత్తటి గుడ్డ పౌచ్‌లు ఎంత ఖరీదువైనా నేను ఒప్పుకోను, తుపాకీ తీయగానే పౌచ్ మూతి ముడుచుకుపోతుంది. బెల్టు వెడల్పుగా, దళసరిగా ఉండాలి. హోల్‌స్టర్ కుడి తుంటి మీద, ప్యాంటు కుట్టుకు కొంచెం వెనక. పొట్ట దగ్గర పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. బ్యారెల్, అంటే తుపాకీ గొట్టం, ఎటు చూస్తుందో ఒకసారి కిందికి వంగి చూసుకోమనండి, వాళ్లే మానుకుంటారు. పంచెలో దోపుకోవడం, ప్యాంటు వెనక దోపుకోవడం ఫ్యాక్షన్ సినిమాల్లో బాగుంటాయి. అక్కడ డమ్మీ తుపాకీ, ఇక్కడ మీ తొడ.

చట్టం కూడా ఒక మాట. 2016 ఆయుధ నియమాల ప్రకారం పబ్లిక్‌లో చేతి తుపాకీ ఒంటికి కట్టుకున్న హోల్‌స్టర్‌లో ఉండాలి, పైకి కనిపించకుండా కప్పి ఉండాలి. నలుగురిలో తీసి ఆడించడం నేరం. అందుకే చొక్కా కింద నుంచి తీయడమే మనం నేర్చుకోవలసిన పని, బయట వేలాడే కవర్లోంచి కాదు. ఆత్మరక్షణ హక్కు ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లలో ఉంది. తీరిగ్గా ఒకసారి చదువుకోండి. పొలం గట్టు తగాదాలో బెదిరించడానికి తీస్తే ఆ సెక్షన్లు మీ వైపు నిలబడవు.

ఇక ప్రాక్టీసు. రివాల్వర్ విరవండి, రౌండ్లన్నీ బయటికి తీయండి, లెక్కపెట్టండి. వాటిని వేరే గదిలో పెట్టి తలుపేసి రండి. వచ్చాక మళ్లీ విరిచి, చిటికెన వేలితో సిలిండర్‌లో, అంటే తూటాలు కూర్చునే చక్రంలో, ఆరు గదులూ తడమండి. కళ్లతో చూస్తే చాలదా అంటారు. చాలదు. రోజూ చూసేదాన్ని కన్ను చూడకుండానే చూశానంటుంది. ఎదురుగా మందంగా ఉన్న మట్టి గోడో, ఇసుక బస్తాలో ఉండాలి. పాత మట్టి మిద్దె ఉన్నవాళ్లు అదృష్టవంతులు. నాపరాయి గోడ ముందు మాత్రం వద్దు. పొరపాటున ఒక రౌండ్ మిగిలిపోయి పేలితే రాయికి తగిలి ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. పిల్లలు, ఫోను, టీవీ ఆ గదిలో ఉండకూడదు. ప్రాక్టీసు పొద్దున టిఫిన్‌కు ముందే చేయాలి. సాయంత్రం అలసిపోయి వచ్చి చేసేవాళ్లకు నేను నేర్పను.

అసలు కిటుకు ఇక్కడుంది. చేయి నడుము మీదికి పోయిన క్షణం నుంచి తుపాకీ కదిలే క్షణం వరకు. మామూలుగా ఒక్క సెకను కూడా పట్టదు. నా దగ్గర మొదటి నెల దీనికి పది సెకన్లు పట్టాలి.

మొదట చొక్కా. ఎడమ చేత్తో చొక్కా అంచును పిడికిలి నిండా పట్టుకోండి, తుపాకీకి దగ్గరగా. రెండు వేళ్లతో సున్నితంగా ఎత్తేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పెళ్లి పందిట్లో చీర కుచ్చిళ్లు ఎత్తుకున్నట్టు ఉంటుంది. పిడికిలి పట్టి రొమ్ము దాకా లాగండి. తుపాకీ పైన జానెడు ఖాళీ కనిపించాలి. అక్కడే పట్టి ఉంచండి. చాలామంది ఎత్తినట్టే ఎత్తి, కుడి చేయి పోయేసరికి వదిలేస్తారు. గుడ్డ మళ్లీ జారి పిడి మీద పడుతుంది. చొక్కా కింది గుండీ పెట్టుకునే ఉండాలి. లేకపోతే బండి మీద గాలికి చొక్కా లేచి తుపాకీ ఊరందరికీ కనిపిస్తుంది. గంజి పెట్టిన ఖద్దరు దీనికి మంచిది, ఒంటికి అంటుకోదు. టెర్లిన్ చొక్కా చెమటకు తడిసి చర్మంలా అతుక్కుంటుంది.

తర్వాత కుడి చేయి. పక్క నుంచి రాకూడదు, పై నుంచి దిగాలి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉండే సందు ముందు పిడి వెనక భాగాన్ని తాకాలి, ఎంత పైకి వీలైతే అంత పైకి. హ్యామర్, అంటే తూటాను పేల్చే వెనక సుత్తి, వెనక్కి వచ్చినప్పుడు చర్మానికి తగలనంత పైకి, అంతే. పట్టు కిందికి జారితే కాల్చిన ప్రతిసారీ బ్యారెల్ పైకి లేస్తుంది, రెండో రౌండ్‌కు మళ్లీ గురి వెతుక్కోవాలి. సందు కుదిరాక మూడు వేళ్లు పిడి చుట్టూ బిగించండి. మధ్య వేలు ట్రిగ్గర్ గార్డు కింద గట్టిగా ఆనాలి. ఇప్పుడు ఆగండి. తుపాకీని కిందికి, హోల్‌స్టర్‌లోకే, కొద్దిగా అదమండి. అరచేతికి ఏం తగులుతుందో గమనించండి. చెక్క తగలాలి. గుడ్డ తగిలితే వదిలేసి మొదటి నుంచి మొదలుపెట్టండి.

జమ్మలమడుగు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఈ మాట వినలేదు. ‘నలభై ఏళ్లుగా కట్టుకుంటున్నా నాయనా, నాకు చెప్పొచ్చినావా’ అన్నాడు. సరే తీయి పెద్దాయనా అన్నాను. విసురుగా లాగాడు. రివాల్వర్‌తో పాటు బనియన్ కూడా వచ్చింది. చొక్కా పైకి పోయింది గానీ లోపలి బనియన్ పిడికిలిలో చిక్కి, దాని అంచు మడత పడి ట్రిగ్గర్ గార్డులోకి దూరింది. ఆయన బలంగా లాగేకొద్దీ గుడ్డ బిగుసుకుంటోంది. హ్యామర్ కొంచెం లేవడం నాకు స్పష్టంగా కనిపించింది. ఖాళీ రివాల్వర్ కాబట్టి ఇద్దరం నవ్వుకున్నాం. బనియన్ ప్యాంటులోకి దోపుకోవాలన్నది ఆరోజు నుంచి నా దగ్గర రూలు.

ఇప్పుడు చూపుడు వేలు. మిగిలిన మూడు వేళ్లు బిగుస్తుంటే ఇది మాత్రం నిటారుగా, హోల్‌స్టర్ బయటి వైపు తోలు మీద ఆనుకుని ఉండాలి. ఇది ఒంటికి తెలియని పని. పిడికిలి బిగిస్తే నాలుగు వేళ్లూ కలిసి ముడుచుకోవడమే దాని అలవాటు. కావాలంటే ఇప్పుడే చూడండి. చూపుడు వేలు వదులుగా చాచి, మిగతా మూడు వేళ్లు ఒక్కసారి గట్టిగా బిగించండి. చాచిన వేలు కొస కొంచెమైనా లోపలికి వంగుతుంది. ఉలిక్కిపడినా, కాలు జారినా, ఎవరైనా భుజం మీద కొట్టినా అదే జరుగుతుంది. ఆ సమయంలో వేలు ట్రిగ్గర్ మీద ఉంటే గుండు మీ మోకాలిలోనో పాదంలోనో దిగుతుంది. ‘నా ట్రిగ్గర్ గట్టిగా ఉంటుంది అన్నా, అంత సులువుగా పడదు’ అంటారు. భయపడిన మనిషి చేతికి గట్టి ట్రిగ్గర్ ఏముంది?

అందుకే వేలును ఊరికే చాచడం కాదు, నొక్కి పెట్టాలి. తోలు మీద ఒకచోట వేలు కొస రుద్ది రుద్ది అక్కడ నునుపు తేలాలి. నా పాత హోల్‌స్టర్ మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉంది. తుపాకీ పైకి లేచాక ఆ వేలు తోలు వదిలి సిలిండర్ కింద, ఫ్రేమ్ మీదికి, అంటే తుపాకీ ఒంటి మీదికి, చేరుతుంది, అక్కడే ఉంటుంది. గురి కుదిరి, కాల్చక తప్పదని మనసులో తేలాకే ట్రిగ్గర్ మీదికి. అంతకు ముందు ఎంత తొందరున్నా కుదరదు.

ఇంకో ఇబ్బంది మే నెల చెమట. మన ఎండల్లో అరచేయి ఎప్పుడూ తడే. భుజం మీద టవలు ఉంది కదా, తుడుచుకోండి. ఒకాయన మెరవాలని పిడికి కొబ్బరి నూనె పట్టించి తెచ్చాడు. చేపను పట్టుకున్నట్టుంది. కుడిచేతికి పెద్ద రాయి ఉంగరాలు, బ్రేస్‌లెట్లు కూడా వద్దు. జాతకం ఒప్పుకోదంటే ఎడమ చేతికి మార్చుకోండి.

మిగతాదంతా సులువే. బ్యారెల్ హోల్‌స్టర్ దాటేదాకా నేరుగా పైకి లాగాలి. పక్కటెముకల దగ్గర ముందుకు తిప్పాలి. ఎడమ చేయి చొక్కా వదిలి రొమ్ము మీదే ఉండి, తుపాకీ తన దగ్గరికి వచ్చినప్పుడు కుడి చేతి వేళ్ల మీద చుట్టుకోవాలి. ఆ ఎడమ చేయి బ్యారెల్ ముందుకు ఎప్పుడూ పోకూడదు. తర్వాత రెండు చేతులూ కలిపి కంటి ఎత్తుకు ముందుకు తోయాలి.

ఎడమ బొటనవేలి సంగతి మాత్రం చెప్పాలి. ఫోన్లో వీడియోలు చూసి వచ్చిన కుర్రాళ్లు రెండు బొటనవేళ్లూ ముందుకు చాచి పెడతారు. అది పిస్టల్ పట్టు. రివాల్వర్‌లో సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సన్నని సందు ఉంటుంది. పేలినప్పుడు అక్కడి నుంచి మండే గాలి పక్కలకు చిమ్ముతుంది. వేలు అక్కడ ఉంటే కాలుతుంది, కోసుకుపోతుంది కూడా. రివాల్వర్‌కు ఎడమ బొటనవేలు కుడి బొటనవేలి మీద అడ్డంగా మడిచి బిగించాలి. పిస్టల్ ఉన్నవాళ్లు సరిగ్గా దీనికి తిరగేసి చేయాలి. బొటనవేలు వెనక అడ్డంగా పెడితే స్లయిడ్, అంటే పిస్టల్ పైన కదిలే భాగం, వెనక్కి వచ్చి చర్మం చీలుస్తుంది.

పట్టు కుదిరిందో లేదో తెలుసుకోవడానికి, కళ్లు మూసుకుని మెల్లగా తీసి ముందుకు తోయండి, అప్పుడు కళ్లు తెరవండి. సైట్లు, అంటే గురి చూసే గుర్తులు, రెండూ వరసలో కనిపిస్తే పట్టు బాగుంది. బ్యారెల్ ఒక పక్కకు చూస్తుంటే అక్కడ మణికట్టు తిప్పి సరిచేయకండి. తప్పు హోల్‌స్టర్‌లోనే జరిగింది, మళ్లీ అక్కడికే పోండి. రోజుకు ఇరవై సార్లు చాలు. స్టాప్‌వాచ్ మొదటి నెల ముట్టుకోవద్దు. మధ్యలో తుపాకీ జారితే పడనివ్వండి. నాపరాయి బండ మీద పడితే గీత పడుతుంది, అంతే. గాల్లో పట్టుకోబోతే వేలు సరాసరి ట్రిగ్గర్‌లోకి పోతుంది.

చివరగా లోపల పెట్టడం. తీసేటప్పుడు ఉన్న తొందర ఇక్కడ ఎవరికీ అవసరం లేదు, అయినా అందరూ గబుక్కున దోపుతారు. చొక్కా మళ్లీ రొమ్ము దాకా ఎత్తండి, వేలు చాచండి, తల వంచి హోల్‌స్టర్ నోరు కళ్లతో చూస్తూ పెట్టండి. చూడకుండా పెట్టడం గొప్ప కాదు. పోయిన నెల ఒక కుర్రోడు ఇట్లాగే పెడుతుంటే రివాల్వర్ సగంలో ఆగింది. ఇంకా అదిమాడు. ఆగప్పా అని చేయి పట్టుకుని వంగి చూశాను. వాడి మొలతాడు ముడి కొస, ఎర్ర దారం రెండంగుళాలు, హోల్‌స్టర్‌లోకి జారి ట్రిగ్గర్ ముందు చుట్టుకుని ఉంది. కత్తెర తెచ్చి ముడి దగ్గరికి కత్తిరించి, మళ్లీ మొదటి నుంచి చేయమన్నాను.