సోలార్ బ్యాటరీ దిగిపోతోందా? కొత్తది కొనేముందు తీగలు చూడండి

ఎండాకాలం మొదలైతే నల్లగొండ, పాలమూరు ఊళ్లల్లో ఒకటే మాట: "బ్యాటరీ పోయింది, గంట కూడా వస్తలేదు." నిజంగా పోయినవీ ఉంటాయి. కానీ తీగ సన్నగా ఉన్నా, లగ్గు (తీగ చివర ఉండే, బ్యాటరీకి బిగించే లోహపు కొస) వదులైనా, తీగ తప్పు చోట తగిలించినా లక్షణాలు అచ్చం అలాగే కనిపిస్తాయి.

ఇక్కడ చెప్పేది 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు (నీళ్లు పోసే సీసపు రకం), 24 వోల్టుల ఇన్వర్టర్ ఉన్న ఇంటి సంగతి. లిథియానికి ఈ అంకెలు పనికిరావు. చెయ్యి పెట్టేముందు సోలార్ ప్యానెల్ స్విచ్ దింపండి, ఆ తర్వాతే బ్యాటరీ తీగలు విప్పండి, అదీ నెగటివ్ ముందు. బిగించేటప్పుడు ముందు బ్యాటరీ, చివర ప్యానెల్. ఈ వరుస తప్పితే చాలా ఛార్జ్ కంట్రోలర్లు (ప్యానెల్ నుంచి బ్యాటరీకి పోయే కరెంటును అదుపు చేసే పెట్టెలు) కాలిపోతాయి. ఉంగరం, వాచీ తీసి పక్కన పెట్టండి. పానకు నోరు వదిలేసి మిగతాదంతా ఇన్సులేషన్ టేపు చుట్టండి.

మిక్సీ వేయగానే ఇన్వర్టర్ బీప్ కొట్టి ఆగిపోతోంది. మీటరు పెడితే బ్యాటరీ 12.6 చూపిస్తోంది

లోడు లేనప్పుడు చూసిన 12.6తో ఏమీ తేలదు. లోడు నడుస్తుండగానే రెండు చోట్ల కొలవండి: బ్యాటరీ బ్యాంకు (కలిపిన బ్యాటరీలన్నీ) చివరి టెర్మినళ్ల మీద ఒకసారి, ఇన్వర్టర్ టెర్మినళ్ల మీద ఒకసారి. మొదటిది 24.2, రెండోది 23.4 వస్తే ఆ 0.8 వోల్టు దారిలో పోతోంది. బ్యాటరీది తప్పు కాదు.

లెక్క చూడండి. 1200 వాట్ల లోడుకు, ఇన్వర్టర్ నష్టం కలిపి, 24 వోల్టుల మీద దాదాపు 60 ఆంపియర్లు గుంజుతుంది. పోను మూడు మీటర్లు, రాను మూడు మీటర్లు 10 స్క్వేర్ ఎంఎం రాగి తీగ వేస్తే దానిలోనే 0.63 వోల్టు పడిపోతుంది. అదే దూరానికి 35 స్క్వేర్ ఎంఎం వేస్తే 0.18 మాత్రమే. బ్యాటరీ గదిలో, ఇన్వర్టర్ హాల్లో అని దూరం పెట్టుకోవడం వల్లే ఈ బాధ. తీగ పొడవు తగ్గించడం అన్నిటికంటే చవక.

తీగ లావు సరిపోయినా వోల్టేజి పడుతుంటే లోపం అతుకుల్లో ఉంది. మీటరును డీసీ మిల్లీవోల్టుల్లో పెట్టి, ఒక మొన బ్యాటరీ సీసపు టెర్మినల్ మీద, ఇంకోటి లగ్గు మీద ఆనించండి. 60 ఆంపియర్లు పోతున్నప్పుడు 10, 20 మిల్లీవోల్టులు ఉంటే బాగున్నట్టే. 200 చూపిస్తే ఆ ఒక్క అతుకులోనే 12 వాట్ల వేడి పుడుతోంది. కొన్నాళ్లకు టెర్మినల్ కరుగుతుంది. విప్పి చూస్తే తరచూ దొరికేది ఒకటే: లగ్గుకూ టెర్మినల్‌కూ మధ్యలో స్టీలు వాషర్. లగ్గు నేరుగా సీసాన్ని ఆనాలి. వాషర్, నట్టు దాని మీద రావాలి. సుత్తితో కొట్టి నొక్కిన లగ్గులు కోసేసి, క్రింపింగ్ టూల్‌తో కొత్తవి వేయించండి. తెల్లటి, పచ్చటి బూజు ఉంటే మూతలు గట్టిగా బిగించి, వంట సోడా నీళ్లతో కడిగి ఆరబెట్టండి. వాసెలిన్ పూయడం నట్టు బిగించిన తర్వాతే.

లోడు మీద ఒక్కో 12 వోల్టుల బ్యాటరీ టెర్మినళ్ల మీదే వోల్టేజి 10.5కు కూలిపోతుంటే అప్పుడు హైడ్రోమీటర్ (యాసిడ్ గ్రావిటీ, అంటే చిక్కదనం, కొలిచే గొట్టం) తీయండి. నిండా ఛార్జయ్యాక బ్యాటరీలోని ఆరు గదుల్లో (సెల్స్) ఐదు 1.240 దగ్గర ఉండి ఒకటి 1.150 చూపిస్తే ఆ గది పోయినట్టే. తీగలు మార్చినా లాభం లేదు.

నాలుగు బ్యాటరీల్లో రెండే అలసిపోతున్నాయి

రెండేసి సిరీస్‌లో (ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కు) కలిపి, ఆ రెండు వరుసలను ప్యారలల్ (ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్) చేసిన చోట ఇది వస్తుంది. ఇన్వర్టర్‌కు పోయే రెండు తీగలూ మొదటి వరుస నుంచే తీస్తే, రెండో వరుస కరెంటు మధ్య తీగలు కూడా దాటి రావాలి. దాంతో మొదటిదే ఎక్కువ మోస్తుంది. పాజిటివ్ మొదటి వరుస నుంచి, నెగటివ్ రెండో వరుస నుంచి తీయండి. కలిపే తీగలన్నీ ఒకే లావు, ఒకే పొడవు ఉండాలి. తర్వాత డీసీ కొలిచే క్లాంప్ మీటరుతో (తీగ చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచేది) ఒక్కో వరుసను చూడండి. 60 ఆంపియర్ల లోడుకు చెరి 30 దరిదాపుల్లో రావాలి. ఏసీ మాత్రమే కొలిచే క్లాంప్ మీటర్లు ఇక్కడ పనిచేయవు.

ఒక బ్యాటరీ నీళ్లు తాగేస్తోంది, పక్కది తాగడం లేదు

24 వోల్టుల జంటలో ఒక్కదాని నుంచి 12 వోల్టుల ఫ్యానుకో, పశువుల కొట్టంలో బల్బుకో తీగ లాగారేమో చూడండి. దాదాపు కారణం అదే. ఆ బ్యాటరీ రోజూ ఎక్కువ దిగుతుంది. ఛార్జింగ్‌లో 28.8 వోల్టులు సగం సగం పంచుకోవాల్సింది పోయి దానికి 13.6, పక్కదానికి 15.2 వస్తుంది, పక్కదాని నీళ్లు గ్యాసుగా మారి తగ్గిపోతాయి. తీగ తీసేసి, 24 నుంచి 12కు దించే డీసీ కన్వర్టర్ పెట్టండి. దిగిపోయినదాన్ని విడిగా 12 వోల్టుల ఛార్జర్ మీద, గంట గంటకూ చూసిన గ్రావిటీ మూడుసార్లు మారకుండా నిలిచేదాకా ఎక్కించండి. పాతదానికి కొత్తది జత చేసినా ఇదే గతి పడుతుంది.

రెండూ సమానంగా తాగుతుంటే కంట్రోలర్ సెట్టింగ్ ఎక్కువైంది. 45 డిగ్రీల వేడిలో 14.4 చాలా ఎక్కువ. 25 డిగ్రీల లెక్కతో పోలిస్తే ఒక్కో బ్యాటరీకి 0.4 వోల్టు దాకా తగ్గాలి. కంట్రోలర్‌కు ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటే దాన్ని గోడ మీద కాదు, బ్యాటరీకి అంటించండి. పోయడానికి డిస్టిల్డ్ వాటరే వాడండి. ఇక్కడి బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ, ఫిల్టర్ ప్లాంటు నీళ్లలోనూ కొంత మిగులుతాయి. అవి ప్లేట్లను తినేస్తాయి.

ఎంసీబీ దగ్గర కాలిన వాసన

ఇంటి బోర్డులో వాడే ఏసీ ఎంసీబీని బ్యాటరీ తీగకు పెట్టి ఉంటారు. డీసీ నిప్పురవ్వను అది సరిగ్గా ఆర్పలేకపోవచ్చు. డీసీ అని రాసి ఉన్నదే వేయాలి; దాని మీద ప్లస్, మైనస్ గుర్తులుంటే తిరగేయకూడదు. బ్యాటరీ పాజిటివ్‌కు జానెడు దూరంలోనే, ప్రతి వరుసకూ ఒక ఫ్యూజు ఉండాలి. ఇన్వర్టర్ పక్కన పెట్టిన ఫ్యూజు, మధ్యలో ఎలుక కొరికిన తీగను కాపాడదు.