అవుటర్ మీద టైరు మార్చిన రాత్రి

హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్ దాటాక కారు కుడి వెనక టైరు పంక్చరైంది. అంటే లారీలు పోయే వైపే కూర్చుని మార్చాలి. రిమ్ము పోయినా పర్లేదనుకుని, హజార్డ్ లైట్లేసి, మెల్లగా వంపు దాటించి ఎడమ అంచుకి ఆనించాను. అమ్మనీ పిల్లల్నీ కార్లో ఉంచలేదు, రెయిలింగ్ అవతల నిలబెట్టాను. వెనకొచ్చే బండ్లని హెచ్చరించే ఎర్ర ట్రయాంగిల్ దాదాపు 100 మీటర్ల వెనక పెట్టాను.

హ్యాండ్ బ్రేక్, మొదటి గేరు, ముందు ఎడమ చక్రానికి రాయి. నట్లు మాత్రం బండి నేల మీదుండగానే వదులు చేయాలి. జాకీ మీద గుంజితే బండి జారుతుంది. లారీ పోయిన ప్రతిసారీ కారు ఊగింది, గుండె ఝల్లుమంది. ముందే స్టెప్నీని కారు కిందికి తోసి ఉంచా, జాకీ తప్పినా బండి దానిమీదే ఆగుతుందని. పాత టైరు ఊడదీశాక దాన్ని కింద పెట్టి స్టెప్నీ ఎక్కించాను. నట్లు ఎదురెదురుగా బిగించి, బండి దించాక మళ్లీ గట్టిగా తిప్పాను.