కోళ్లూ చంటిపిల్లలూ ఉన్న ఇంటికి వేటకుక్క: డెల్టాలో ఏది నప్పుతుంది, కుక్కపిల్లని ఎలా ఏరుకోవాలి

కృష్ణా గోదావరి డెల్టా ఇంట్లో వేటకుక్కకి ఉండే పని ఎలుకే. పశువుల పాకలో పందికొక్కు, ధాన్యం కొట్లో ఎలుక, గడ్డిమేటు అడుగున చుంచు. కుందేలు, ఉడుము, ముంగిస జోలికి వెళ్లే మాటే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటి మీదికి కుక్కని ఉసిగొల్పడం కూడా వేటే. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా మోకాలెత్తుకి అటూ ఇటూగా ఉండి, ఎలుకని పట్టి, ఇంట్లో పిల్లల్నీ పెరట్లో కోళ్లనీ వదిలేసే కుక్క గురించి.

జాతి సంగతి తర్వాత, ముందు ఎలుక ఎక్కడ ఉందో చూడండి. కొబ్బరి మొవ్వులో కాపురం పెట్టిన ఎలుకని ఏ కుక్కా పట్టలేదు. లేత బొండాలు కొరికినవి కింద రాలుతుంటే, మానుకి రెండు మీటర్ల ఎత్తున 40 సెంటీమీటర్ల వెడల్పు జీఐ రేకు (జింకు పూత పూసిన ఇనుప రేకు) చుట్టడమే దారి. అదీ పక్క చెట్టు మట్టలు దీనికి తగలకుండా ఉంటేనే పనిచేస్తుంది. వరి గట్టు సంగతి ఇంకోటి. కన్నం వాసన తగిలాక తవ్వే జాతి కుక్క ఆగదు. గట్టుకి అరడుగు గొయ్యి పడిందంటే ఆ రాత్రికే మడిలో నీరు పక్కవాళ్ల చేలోకి పోతుంది, తెల్లారేసరికి తగువు. చేలో ఎలుకల బుట్టలు పెట్టుకుని, కుక్కని ఇంటి దగ్గరా పాక దగ్గరా తిప్పండి. కోతయ్యాక గట్లు తవ్వేటప్పుడు, గడ్డిమేటు విప్పేటప్పుడు తీసుకెళ్తే కుక్కకి పండగే.

ఏ జాతి, ఎవరికి

వేటకుక్కల్లో కంటితో చూసి పరిగెత్తేవి, వాసన పట్టుకుని పోయేవి, కన్నంలో దూరేవి అని తేడాలున్నాయి. మొదటి రకం, అంటే ముధోల్, రాజపాళయం, చిప్పిపారై లాంటివి, పొడుగు కాళ్ల కుక్కలు. వాటికి బయలు కావాలి. కాలవలూ తోటలూ కంచెలూ ఉన్న చోట వాటిని కట్టేసి ఉంచాల్సి వస్తుంది. వాటిని పక్కన పెట్టేయండి.

జాక్ రస్సెల్ టెర్రియర్ ఎత్తు 25 నుంచి 30 సెంటీమీటర్లు, బరువు 5–6 కిలోలు. నక్కని కన్నంలోంచి బయటికి తరమడానికి ఇంగ్లండులో తయారైన జాతి. ఎలుకని మెడ దగ్గర పట్టి, ఒక్క విదిలింపు విదిలించి, పడేసి, రెండోదాని మీదికి పోతుంది. ఎలుకల పనికి దీన్ని మించింది లేదు. కానీ రోజుకి గంట సేపు పని లేకపోతే పూలకుండీలు తవ్వుతుంది, గేటు దగ్గర మొరుగుతూనే ఉంటుంది. పందెం కోళ్లు పెంచే ఇంట్లోకి మాత్రం వద్దు. అది చంపే ఒక్క పుంజు ఖరీదు కుక్కపిల్ల ఖరీదుని దాటొచ్చు.

డాక్స్‌హుండ్ అనే పొట్టికాళ్ల కుక్క జర్మనీలో బొరియల్లో ఉండే బ్యాడ్జర్ వేటకి పుట్టింది. ధైర్యం ఎక్కువే, నడుము బలహీనం. వెన్నుపూసల మధ్య డిస్కు జారిందంటే వెనక కాళ్లు పడిపోవచ్చు. ఎత్తరుగుల పాతిళ్లలో రోజుకి ఇరవైసార్లు మెట్లు దూకడం, చిన్నపిల్లలు ముందు కాళ్లు పట్టుకుని వేలాడదీసి ఎత్తడం, రెండూ దానికి ముప్పే. నడుము నొప్పెట్టినప్పుడు పిల్లల్ని కరిచేది కూడా ఇదే. అయిదేళ్ల లోపు పిల్లలుంటే తీసుకోవద్దు.

బీగిల్ ఎత్తు 33 నుంచి 40 సెంటీమీటర్లు, బరువు పది కిలోల పైచిలుకు. కుందేళ్ల వెంట గుంపుగా పోయిన జాతి కాబట్టి తగువు పెట్టుకోదు. పిల్లలతో ఇంత ఓపికగా ఉండేది ఈ వరసలో ఇంకోటి లేదు. అయితే ముక్కు నేలకి ఆనిందంటే పేరు పెట్టి పిలిచినా వినపడదు. అలాగే కాలవ గట్టు రోడ్డెక్కి లారీ కింద పడుతుంది. ప్రహరీ గానీ, అడుగు భాగం నేలలో పాతిన మెష్ గానీ లేనిదే బీగిల్‌ని వదలొద్దు. ఎలుక ఎక్కడుందో చూపిస్తుంది, చంపుతుందన్న నమ్మకం మాత్రం లేదు. వేలాడే చెవులు ఈ తేమకి చీము పడతాయి. వారానికోసారి ఎత్తి వాసన చూడండి. పుల్లటి వాసనో, గోధుమ రంగు గులిమో ఉంటే డాక్టరుకి చూపించండి, కొబ్బరి నూనె పొయ్యకండి.

కాకర్ స్పానియల్ అందంగానే ఉంటుంది. జులై నుంచి అక్టోబరు దాకా ఆ జుట్టు ఆరబెట్టే ఓపిక మీకుందా?

ఇక మన నేల జాతి, జోనంగి. కొల్లేరు చుట్టుపక్కలా, కృష్ణా గోదావరి జిల్లాల్లోనూ కనిపించే కుక్క. వెంట్రుక మరీ పొట్టి, నుదుటి మీద ముడతలు, నిలబడిన చెవులు. మామూలుగా మొరగదు, సాగదీసి కూసినట్టుంటుంది గొంతు. బాతులు మేపేవాళ్లు వెంట తిప్పుకున్న కుక్క ఇది. బాతుల మేపు పోయి చేపల చెరువులొచ్చాక దీని సంఖ్యా పడిపోయింది. పొట్టి వెంట్రుక వల్ల పిడుదు కంటికి కనిపిస్తుంది, తడిసినా వెంటనే ఆరుతుంది, ఎండ కొత్త కాదు. పైన చెప్పిన విదేశీ జాతుల కంటే పొడుగు, ఒక్క మనిషికే బాగా అంటుకుపోతుంది, నేల గొయ్యి తీసి పడుకుంటుంది. ఈ మూడూ ఒప్పుకుంటే డెల్టా ఇంటికి మా మొదటి ఓటు దీనికే. జోనంగి అని చెప్పి అమ్మే పిల్లల్లో ఊరకుక్క పిల్లలూ ఉంటాయి, తల్లినీ తండ్రినీ చూడకుండా డబ్బివ్వకండి. డబ్బే ఇవ్వక్కర్లేకుండా, ఎలుకలు పట్టే ఊరకుక్క ఈనితే దాని పిల్లని తెచ్చుకున్నా తప్పేం లేదు. తల్లి పనితనం కళ్ల ముందే కనిపిస్తుంది.

పిల్లని ఏరుకోవడం

రెండుసార్లు వెళ్లండి, ఒకసారి ఉదయం, ఒకసారి సాయంత్రం. తిని పడుకున్న పిల్లలన్నీ బుద్ధిమంతుల్లాగే ఉంటాయి. 2017 కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, అమ్మేవాళ్లకి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆరు వారాలకే తల్లిని వదిలిన పిల్లకి ఎంత గట్టిగా కొరకాలో తెలియదు, అది మీ పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది. కుక్కల జాతులు నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఇచ్చే కాగితం వంశం చెబుతుంది, ఆరోగ్యం చెప్పదు.

ఒంటిని చూడండి. చిగుళ్లు గులాబి రంగులో ఉండాలి. పాలిపోతే కడుపులో ఏలికపాములో, ఒంటి మీద పిడుదులో ఉన్నట్టు. వీపు సన్నగా ఉండి పొట్ట మాత్రం ఉబ్బితే అవీ పాములే. బొడ్డు దగ్గర మెత్తటి ఉబ్బు హెర్నియా కావచ్చు. చెవి లోపలా, కాలివేళ్ల సందులా పిడుదులు వెతకండి.

తర్వాత గుణం. పిల్లని గుంపు నుంచి విడిగా, అది ఎరగని చోటికి తీసుకెళ్లండి. తాడు చివర గుడ్డముక్క కట్టి నేల మీద లాగండి. వెంటపడి పట్టుకుని, మీరు చెయ్యి చాపితే వదిలేసే పిల్ల మీకు కావాల్సింది. పట్టుకుని గుర్రుమంటే పనికుక్క అవుతుంది గానీ ఇంటికుక్క కాదు. అసలు చూడకపోతే ఎలుకనీ చూడదు. రెండడుగుల దూరంలో తాళాల గుత్తి పడేయండి. ఉలిక్కిపడటం తప్పు కాదు, పది సెకన్లలో వచ్చి వాసన చూస్తోందా లేదా అన్నదే లెక్క. చివరగా వెల్లకిలా పట్టుకుని అరనిమిషం ఉంచండి. కాసేపు తన్నుకుని సర్దుకునేది మంచిది. ఆగకుండా కరవడానికి చూసేదాన్ని పిల్లలున్న ఇంటికి తేవద్దు.

కోళ్ల పాఠం

ఇది ఇంటికి తెచ్చిన వారంలోనే మొదలెట్టాలి, పదహారు వారాలు దాటాక చాలా కష్టం. కోళ్లని గంప కింద ఉంచి, కుక్కపిల్లని తాడుతో పదడుగుల దూరంలో కూర్చోబెట్టండి. అది కోళ్ల మీంచి చూపు తిప్పి మీవైపు చూసిన క్షణంలో ఉడికిన గుడ్డు ముక్క పెట్టండి. రోజుకి రెండుసార్లు, అయిదేసి నిమిషాలు. నాలుగు రోజులకోసారి ఓ రెండడుగులు దగ్గరికి జరగండి. గంప పక్కన ప్రశాంతంగా కూర్చున్నాకే కోళ్లని బయటికి వదలాలి, అప్పుడూ కుక్క మెడకి తాడు ఉండాల్సిందే. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. వారం బాగుందని తాడు విప్పేస్తారు, కోడి రెక్కలు కొట్టుకుంటూ పరిగెడుతుంది, కుక్కకి పరుగు రుచి తెలుస్తుంది. ఒక్కసారి నోటికి ఈక తగిలితే మళ్లీ మొదటి నుంచి. ఆరు నెలలు నిండేదాకా ఒంటరిగా వదలొద్దు. జాక్ రస్సెల్‌ని ఆ తర్వాత కూడా వద్దు.

ఎలుక పట్టే కుక్కకి వచ్చే ముప్పు

ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది, మడి నీళ్లలో అది మనుషులకీ పాకుతుంది. కాబట్టి ఏడు వ్యాధుల టీకా వేయించేటప్పుడు అందులో లెప్టో ఉందో లేదో డాక్టరుని అడగండి. దాన్ని ఏటా వేయించాలి. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాలకి, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాల దాకా. రేబిస్ టీకా మూడు నెలలకి. కుక్క చంపిన ఎలుకని పిల్లలు ముట్టుకోకూడదు. పారతో తీసి పాతిపెట్టండి.

అన్నింటికంటే ఎక్కువ కుక్కల ప్రాణం తీసేది ఎలుకల మందు. ఊరంతా కలిసి నూకల్లో బ్రోమాడయోలోన్ అనే ఎలుకల మందు కలిపి కన్నాల్లో పెట్టే రోజుల్లో కుక్కని కట్టేయండి, ఆ తర్వాత కనీసం రెండు వారాలు చేల వైపు తీసుకెళ్లకండి. మందు తిని మందకొడిగా తిరిగే ఎలుకే కుక్కకి మొదట దొరుకుతుంది. ఈ మందు తిన్న కుక్క మూడు నాలుగు రోజులు బాగానే ఉండి, తర్వాత చిగుళ్లు పాలిపోయి, ముక్కులోంచో మలంలోంచో రక్తం పోతుంది. విటమిన్ కె1 వారాల తరబడి వాడితే బతుకుతుంది. జింక్ ఫాస్ఫైడ్ అనే ఇంకో ఎలుకల మందు అయితే గంటల్లోనే ప్రాణం తీసేస్తుంది. అది తిన్న కుక్కకి అన్నం, మజ్జిగ లాంటివేవీ పెట్టకండి, కడుపులో ఆమ్లం ఊరేకొద్దీ విషవాయువు పుడుతుంది. వాంతి చేసుకుంటే ఆ గాలి మీరూ పీల్చకుండా ఆరుబయట ఉంచి, మందు పొట్లం కవరుతో సహా నేరుగా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏ మందో తెలిస్తేనే డాక్టరుకి ఏ సూది వెయ్యాలో తెలుస్తుంది.