ఒడిశా బరంపురంలో పిల్లల్ని పెంచాలంటే టౌన్ లోపలా, బయట లేఅవుట్లోనా? ఎలా తేల్చుకోవాలి

టౌన్ మధ్యలో అద్దెకుందామా, లేపోతే ఊరి బయట అంబపువా వైపో గొలంత్రా వైపో వెళ్లి కాస్త గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు చూసుకుందామా అని పిల్లలు చిన్నగా ఉన్న మన తెలుగువాళ్ల ఇళ్లన్నిట్లో ఇదే మాట, వచ్చినప్పుడల్లా అద్దె ఎంత, సెంటు ఎంత, బండి ఎక్కడ పెట్టాలి, ఇక్కడే తిరుగుతుంది. నన్నడిగితే ముందు చూడాల్సిందొకటుంది. స్కూలు వదిలాక మీ ఇద్దరిలో ఒకరు ఇంటికొచ్చే దాకా మీ గుంటడు ఎక్కడుంటాడు, ఎవరి దగ్గరుంటాడు, అక్కడికి ఎలా చేరతాడు? దీనికి ఏ ఇంట్లో మంచి జవాబు దొరికితే ఆ ఇల్లు తీసుకోండి, మిగతావి సర్దుకుంటాయి.

కాబట్టి ఇల్లు చూడ్డానికి ఆదివారం మధ్యాహ్నం వెళ్లకండి. ఆదివారం అన్ని లేఅవుట్లూ బావుంటాయి. వర్కింగ్ డే పొద్దున్న స్కూల్ టైముకి ఓసారి, రాత్రి ఎనిమిది దాటాక ఓసారి, వీలైతే గట్టి వాన పడ్డ మర్నాడు ఓసారి వెళ్లండి. రాత్రి వెళ్లినప్పుడు వీధి లైట్లు చూడండి, కుక్కలు చూడండి, మెయిన్ రోడ్డు నుంచి ఇంటిదాకా ఆటో వస్తానంటాడో లేదో అడిగి చూడండి. పిల్లకి అర్ధరాత్రి జ్వరం వస్తే ఎంకేసీజీ మెడికల్ కాలేజీకి ఎలా తీసుకెళ్తారు అనేది అప్పుడే తేలిపోద్ది. బ్రోచర్లో పిల్లల పార్క్ ఉంటుంది, అక్కడ చూస్తే ఇసుక కుప్పా కంకరా ఉంటాయి, అది పార్క్ అయ్యేసరికి మన పిల్లాడికి మీసాలొస్తాయి.

స్కూల్ వ్యాన్ గురించి స్కూల్లో అడగొద్దు, డ్రైవర్ని అడగండి. ఆఫీసులో ఆరు కిలోమీటర్లే కదండీ అంటారు, నిజమే, కానీ మీ పాపని మొదట ఎక్కించుకుని ఆఖర్న దింపితే ఆ ఆరు కిలోమీటర్లకే గంట పైన పడుతుంది, రోజూ రెండు పూటలా. అందుకని అడగాల్సింది దూరం కాదు, మా స్టాప్ ఎన్నోది, ఎన్నింటికి ఎక్కిస్తావు, ఎన్నింటికి దింపుతావు, వాన పడితే లోపలి వీధిలోకి వస్తావా మెయిన్ రోడ్డు మీదే దింపేస్తావా, నువ్వు రాని రోజు ఎవరొస్తారు. డ్రైవర్ తడుముకున్నాడంటే రాని రోజు మీరే వెళ్లాలి అని అర్థం. ఇల్లు ఫైనల్ చేసే ముందు ఒకరోజు మీ బండి మీద ఆ వ్యాన్ వెనకాలే వెళ్లి చూడండి, ఎవరేమనుకుంటే ఏం.

తర్వాత వయసు. ఐదో క్లాసు లోపు పిల్లలకి బయట ఇల్లు బాగానే ఉంటుంది, ఒక్క షరతు మీద, ఇంట్లో నానమ్మో అమ్మమ్మో ఉండాలి లేదా పక్కింటివాళ్లు మనసున్నవాళ్లై ఉండాలి. ఖాళీ ప్లాట్లలో సైకిల్ తొక్కుకుంటారు, మట్టిలో ఆడతారు, టౌన్ సందుల్లో అయితే ఇంటి గడప దిగితే స్కూటర్. ఆరు ఏడు క్లాసులకొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది ఎందుకంటే ట్యూషన్ మొదలవుతుంది, లెక్కల మాస్టారు ఒకచోట సైన్స్ మాస్టారు ఇంకోచోట, ఎక్కువమంది టౌన్లోనే, సాయంత్రం ఆరుకి మొదలై ఎనిమిదిన్నరకి వదిలితే హైవే మీద చీకట్లో ఆడపిల్లని సైకిల్ మీద రమ్మంటామా? అప్పుడు తండ్రి డ్యూటీ దిగి వచ్చి డ్రైవర్ డ్యూటీ ఎక్కుతాడు. టౌన్లో ఉంటే అదే పిల్ల తనంతట తను నడిచి వెళ్లొస్తుంది, ఆ ధైర్యం కూడా చదువే కదా. అద్దెలో మూడు వేలు మిగిలాయని సంబరపడే ముందు వ్యాన్ ఫీజు, మీ పెట్రోలు, ఈ తిరుగుడు అంతా కలిపి ఒక కాగితం మీద రాసుకోండి.

భాష సంగతి ఎవరూ లెక్కలో వెయ్యరు గానీ మన జిల్లాలో అది పెద్ద విషయం. పాత టౌన్ వీధుల్లో తెలుగు మాటకి లోటుండదు, కొట్టు దగ్గర తెలుగు, గుడి దగ్గర తెలుగు, రెండేళ్లకోసారి ఠాకురాణి అమ్మవారి యాత్ర వస్తే పులి వేషం కట్టమని పిల్లాడు గొడవ. బయట లేఅవుట్లో కటక్ వాళ్లుంటారు, భువనేశ్వర్ నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లుంటారు, పిల్లలంతా ఒడియా హిందీ కలిపి ఆడుకుంటారు. ఒడియా బాగా రావడం మంచిదే, ఇక్కడ బతకాలంటే రావాలి. కాకపోతే అక్కడికి వెళ్తే తెలుగు చదవడం రాయడం ఇంట్లో మీరే కూర్చోబెట్టి నేర్పాలి, వీధి నేర్పదు. రోజూ ఓ పావుగంట కూర్చోగలరా లేదా, నిజం చెప్పుకోండి.

నీళ్లు, కరెంటు. బయట ఎక్కువగా బోరు మీదే ఆధారం, బోరుకి కరెంటు కావాలి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబర్లో తిత్లీ వచ్చింది, అలాంటప్పుడు స్తంభాలు పడిపోతే టౌన్లోనే రోజులు పడుతుంది, చివరి లైనుకి ఇంకెప్పుడొస్తుందో ఊహించుకోండి, చంటిపిల్లలున్న ఇంట్లో చుక్క నీళ్లుండవు. దగ్గర్లో చేతిపంపో నుయ్యో ఉందా చూడండి. గోపాలపూర్ వైపు సముద్రానికి దగ్గరైన చోట బోరు నీళ్లు ఒక గుక్క తాగి చూడండి, కొన్నిచోట్ల ఉప్పగా ఉంటాయి.

ఇంకో రకం ఆలోచన కూడా ఉంది మనవాళ్లకి, ఏకంగా ఆంధ్రా సరిహద్దులోని ఇచ్ఛాపురంలో కాపురం పెట్టి రోజూ బరంపురం ఉద్యోగానికి వెళ్లిరావడం. రైలుంది, హైవే ఉంది, పిల్లలకి తెలుగు చదువు. అయితే ఇది ఇల్లు మారడం మాత్రమే కాదు, రాష్ట్రం మారడం. ఇంజనీరింగ్ లాంటి కోర్సుల్లో చేరడానికి రాసే ఆంధ్రా ఈఏపీసెట్లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లవి, మామూలుగా లోకల్ అవ్వాలంటే ఇంటర్ పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివుండాలి, అంటే తొమ్మిదో క్లాసు నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా. కాబట్టి వెళ్తే తొమ్మిదికి ముందే వెళ్లండి, వెళ్లకపోతే ఇక్కడే ఉండి ఒడిశా రెసిడెంట్ సర్టిఫికెట్ కాగితాలు సరిగ్గా చేయించుకోండి. పదో క్లాసు తర్వాత అటూ ఇటూ మారిస్తే రెండుచోట్లా ఇబ్బందే. రూల్స్ మారుతుంటాయి, ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోండి.

భువనేశ్వర్ వెళ్దాం అనేవాళ్లకి ఒకటే మాట, ఉద్యోగం అక్కడుంటే వెళ్లండి, స్కూలు కోసమే అయితే వద్దు, తాతా నానమ్మల్ని ఇక్కడ వదిలేసి ఆ డబ్బుతో ఆయాని పెట్టుకోవడం నాకైతే నచ్చదు.

ఏదైనా సరే ముందు ప్లాటు కొనేయకండి. అనుకున్న చోట అద్దెకి దిగండి, అగ్రిమెంట్ ఎలాగూ పదకొండు నెలలకే రాస్తారు, అందులో ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక పరీక్షల సీజన్ వచ్చేస్తాయి. ఇక్కడ కొత్త క్లాసు ఏప్రిల్లో మొదలు కాబట్టి సామాన్లు మార్చే పని మార్చి ఆఖరికల్లా పెట్టుకోండి, అడ్వాన్స్ ఇచ్చే ముందు బోరు మోటారు రిపేరు ఖర్చు ఎవరిదో అగ్రిమెంట్లో రాయించుకోండి.