బెజవాడ నుంచి హైదరాబాదుకా, బెంగళూరుకా: ఊరు మారే ముందు వేసుకోవలసిన లెక్క

విజయవాడలో స్థిరపడిన కుటుంబానికి హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం వచ్చినప్పుడు, జీతం ఎంత పెరిగిందన్నది ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోవడం తొందరపాటు అవుతుంది. ఇంటర్నెట్‌లో కనిపించే జీవన వ్యయ సూచీలు సగటు లెక్కలు మాత్రమే. మీ నాన్నగారి మందులకు నెలకు ఎంత అవుతుందో వాటికి తెలియదు. అందుచేత ముందుగా మూడు నెలల పాటు మీ ఇంటి ఖర్చంతా ఒక పుస్తకంలో రాయండి. డబ్బు పెట్టకుండా అందుతున్నవాటికి కూడా ధర కట్టి రాయాలి. పొలం నుంచి వచ్చే బియ్యం బస్తా, అత్తగారు పెట్టి పంపే ఆవకాయ, బడి నుంచి వచ్చిన పిల్లలను సాయంత్రం దాకా చూసుకునే అమ్మమ్మ: ఊరు మారిన మరుసటి నెల నుంచి ఇవన్నీ ఖర్చులుగా మారతాయి.

తరువాత అద్దె. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 2024 జనవరి నుంచి హైదరాబాదు, బెంగళూరులలో మూల వేతనంలో 30 శాతం, విజయవాడలో 20 శాతం ఇంటి అద్దె భత్యం వర్తించింది. మూల వేతనం 50,000 రూపాయలైతే తేడా 5,000 రూపాయలే. మీరు వెతుకుతున్న పేటలో అద్దె అంతకంటే ఎక్కువ పెరుగుతుందేమో చూసుకోండి. అడ్వాన్సును కూడా మరవకూడదు. హైదరాబాదులో సాధారణంగా రెండు మూడు నెలల అద్దె అడుగుతారు, బెంగళూరులో పది నెలల అద్దె అడిగే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. అద్దె 25,000 అయితే రెండున్నర లక్షలు ఇంటి యజమాని వద్ద ఉండిపోతాయి. ఏడు శాతం వడ్డీ లెక్కన చూసినా ఏడాదికి 17,500 రూపాయలు పోగొట్టుకున్నట్టే.

అద్దెను, ఆఫీసు దూరాన్ని విడివిడిగా లెక్క వేయవద్దని నా గట్టి సలహా. కూకట్‌పల్లిలో అద్దె తక్కువని ఇల్లు తీసుకుని గచ్చిబౌలిలో పనిచేసేవారు మెట్రోలో వెళ్లాలంటే అమీర్‌పేటలో రైలు మారి రాయదుర్గం చేరాలి, అక్కడి నుంచి మళ్లీ బస్సో ఆటోనో చూసుకోవాలి. రోజుకు రెండు గంటలు దారిలో పోతే, 22 పనిదినాలకు 44 గంటలు అవుతాయి. మీ గంట జీతంతో వాటిని గుణించి అద్దెకు కలపండి. చవక ఇల్లు నిజంగా చవకో కాదో అప్పుడు తేలుతుంది. ఇంట్లో ఆడవారు బస్సులో తిరిగేవారైతే ఒక ఊరట ఉంది. ఆయా రాష్ట్రాల వారికి కర్ణాటకలో 2023 జూన్ నుంచి, తెలంగాణలో అదే ఏడాది డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి నిర్ణీత బస్సుల్లో ప్రయాణం ఉచితం.

ఇల్లు చూడటానికి వీలైతే ఏప్రిల్‌లోనో మే నెలలోనో వెళ్లండి. వంటగదిలో కుళాయి తిప్పండి, ఆ తరువాత వాచ్‌మన్‌ను పక్కకు పిలిచి నిన్న ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో అడగండి. బోరు ఎండిపోయిన అపార్టుమెంటులో మెయింటెనెన్సు వేసవిలో ఎంత పెరుగుతుందో యజమాని చెప్పకపోవచ్చు గాని, పక్క ఫ్లాటువారు తప్పక చెబుతారు.

ఎదిగిన పిల్లలు ఉన్నవారు అన్నిటికంటే ముందు చూడవలసినది స్థానికత. తెలంగాణ 2024లో సవరించిన నిబంధనల ప్రకారం, అక్కడ ఎంబీబీఎస్ స్థానిక కోటా సీటు కావాలంటే, అర్హత పరీక్షతో (అంటే ఇంటర్ లేదా దానికి సమానమైన పరీక్షతో) ముగిసే వరుస నాలుగేళ్లు ఆ రాష్ట్రంలోనే చదివి ఉండాలి. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. కొన్ని వర్గాల ఉద్యోగుల పిల్లలకు మినహాయింపులు ఉన్నాయి కాబట్టి ఆ ఏటి ప్రకటనను స్వయంగా చదవండి. మీ అబ్బాయి ఎనిమిదో తరగతిలో ఉంటే, తొమ్మిది మొదలయ్యేలోగా హైదరాబాదు చేరడమో, ఇంటర్ పూర్తయ్యే దాకా కుటుంబాన్ని విజయవాడలోనే ఉంచి మీరొక్కరే వెళ్లడమో ఇప్పుడే తేల్చుకోవాలి. రెండో దారి ఎంచుకుంటే రెండు కాపురాల ఖర్చునూ, వారాంతపు ప్రయాణాలనూ అదే పుస్తకంలో చేర్చి, కొత్త జీతంలో చివరికి ఎంత మిగులుతుందో చూసిన తరువాతనే ఆఫర్ లెటర్‌కు జవాబు రాయండి.