ప్రెస్ కంటే ముందు త్రాసు
అమెరికాలో ఉంటూ ఇంట్లోనే తూటాలు రీలోడ్ చేసుకునే (కాల్చేసిన తూటా ఖాళీ తొడుగులో, అంటే కేసులో, మళ్లీ మందూ బుల్లెట్టూ పెట్టుకునే) మనవాళ్లకి ఒక మాట. చేతిలో నాలుగు డాలర్లు ఆడగానే మనసు ప్రోగ్రెసివ్ ప్రెస్ (మీట లాగిన ప్రతిసారీ చాలా పనులు ఒకేసారి చేసే రీలోడింగ్ యంత్రం) మీదికి పోతుంది. ఆగండి. ముందు మంచి త్రాసు, దానితోపాటు చెక్ వెయిట్లు (త్రాసు సరిగ్గా తూస్తోందో లేదో చూసుకునే కచ్చితమైన బరువులు) కొనండి. తుపాకి మందు తూచేది గ్రెయిన్లలో. ఒక గ్రెయిన్ అంటే దాదాపు 0.065 గ్రాములే. డిజిటల్ త్రాసు ఫ్యాన్ గాలికే తడబడుతుంది. నా పాత బీమ్ త్రాసు (కరెంటు అక్కర్లేని దండె త్రాసు) ఇంకా బల్ల మీదే ఉంది, అనుమానం వస్తే దాన్నే అడుగుతా. తర్వాత పొడవు కొలిచే క్యాలిపర్, పొడవు పెరిగిన కేసుని కత్తిరించే కేస్ ట్రిమ్మర్. నెలకి వంద తూటాలు కూడా కాల్చనివాళ్లకి ఒకసారికి ఒక్క పనే చేసే సింగిల్ స్టేజ్ ప్రెస్ చాలు. (ఇండియాలో మాత్రం లైసెన్సు లేకుండా తూటాల తయారీ 1959 ఆయుధాల చట్టం కింద నేరం.) బుల్లెట్ పెట్టేముందు ట్రేలోని కేసులన్నిటిలోకీ లైటు వేసి చూడండి, మందు రెండుసార్లు పడితే అక్కడే దొరికిపోతుంది.