నడ్జ్ నేర్చుకుందాం, 3వ భాగం: ముందే పెట్టిన టిక్కు

నడ్జ్ అంటే మనల్ని ఒక ఎంపిక వైపు మెల్లగా నెట్టడం, దాంట్లో బలవంతం ఉండదు, ఫైను ఉండదు, వద్దంటే సులభంగా తప్పుకోవచ్చు అని పోయిన భాగాల్లో చూసినాం కదా, ఈసారి నడ్జ్‌లన్నిట్లోకెల్లా గట్టిది డిఫాల్ట్, అంటే మనం ఏమీ చేయకుండా ఊరికే ఉంటే ఏది జరుగుతాదో అది.

కడపలో ఏడు రోడ్ల కాడ కారం దోసె తిందామని కూర్చుంటే కొన్ని హోటళ్లలో అడగకముందే సీలు బాటిల్ తెచ్చి టేబుల్ మీద పెడతారు చూడండి. కొనమని ఎవరూ అనరు. "ఇది వద్దన్నా, మామూలు నీళ్లియ్యి" అనే పని మాత్రం మన నెత్తిన పడతాది, పక్కన చుట్టాలుంటే ఆ మాట నోట్లోంచి రాదు, బాటిల్ బిల్లులోకి ఎక్కుతాది.

దీన్ని లెక్కలతో చూపించినోళ్లు మాడ్రియన్, షే అనే ఇద్దరు పరిశోధకులు, 2001లో. అమెరికాలో ఒక కంపెనీలో రిటైర్‌మెంట్ పొదుపులో చేరాలంటే ఫారం నింపాల, అప్పుడు కొత్తగా చేరినోళ్లలో 49 శాతమే చేరినారు, తర్వాత కంపెనీయే అందర్నీ చేర్చేసి వద్దన్నోళ్లు చెప్పండి అంటే 86 శాతం ఉండిపోయినారు. స్కీమ్ అదే! నాకు ఇంకా ముఖ్యం అనిపించేది ఏందంటే, కంపెనీ జీతంలో 3 శాతం కోత పెట్టింటే చాలామంది ఆ 3 కాడే కదలకుండా కూర్చున్నారు, సొంతంగా చేరింటే ఎక్కువే వేసుకుని ఉండేవాళ్లు కూడా. అందుకే టిక్కు ఎవరు పెట్టినారు, ఎవరి లాభానికి పెట్టినారు అని చూడాల.

బెంగళూరు బస్సు టికెట్ బుక్ చేస్తాంటే పేమెంట్ పేజీలో విరాళమో ఇన్సూరెన్సో మనల్ని అడక్కుండానే కలిసిపోయి ఉంటే అది నడ్జ్ కాదప్పా, మోసం. 2023లో కేంద్రం తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (వెబ్‌సైట్లు, యాప్‌లు మనల్ని బోల్తా కొట్టించే డిజైన్లు) మార్గదర్శకాల్లో 13 రకాలు రాసినారు, వాటిల్లో ఇదీ ఒకటి.

మంచికి వాడినోళ్లూ ఉండారు. 2017లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చిన థేలర్, ఆయనతో పాటు బెనార్ట్జి అనే ఇంకో ఎకనమిస్టు కలిసి ఉద్యోగులకి ఇప్పుడేం కోత వద్దు, జీతం పెరిగినప్పుడల్లా పొదుపు దానంతటదే పెరగాల అని ముందే ఒప్పించినారు, మొదట ఒప్పుకున్నోళ్ల పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6కి పోయింది.

ఇప్పుడు మీ పని. జీతం పడిన మరుసటి రోజుకే ఆర్‌డీకి ఆటో డెబిట్ పెట్టండి, నెలాఖరుకి మిగిలితే వేద్దాంలే అంటే ఏదో ఒక పెళ్లి వస్తానే ఉంటాది. తర్వాత యూపీఐ యాప్‌లో ఆటోపే తెరవండి, ఎప్పుడో ఆన్ చేసి మర్చిపోయిన ఓటీటీ ఒకటన్నా దొరుకుతాదేమో. దాన్ని ఆపడానికి ఎన్నిసార్లు నొక్కాల్సి వచ్చిందో రాసి పెట్టుకోండి, 4వ భాగంలో స్లడ్జ్ (కావాలనే అడ్డాలు పెట్టి మన పని కష్టం చేయడం) గురించి చెప్పేటప్పుడు ఆ లెక్క కావాల.